గది వెచ్చగా ఉంది, మంట ఎక్కడ?

ఆ బొమ్మ ఎత్తు 24 సెంటీమీటర్లు, వెడల్పు 33. జిరాక్స్ షాపులో వాడే ఏ-ఫోర్ కాగితాన్ని అడ్డంగా పెట్టి చూస్తే, దానికన్నా రెండు వేళ్లు మాత్రం పెద్దది. చెక్క పలక మీద నూనె రంగులతో వేశారు. పాలరాతి తిన్నె మీద దట్టమైన బొచ్చున్న జంతుచర్మం పరిచి ఉంటుంది. దాని మీద ఒక యువతి వాలి పడుకుని ఉంటుంది. ఒంటి మీద నూలుపోగు లేదు. బుగ్గలు కందిపోయాయి, పెదవులు కాస్త విడివడ్డాయి. ఒక చేతిలో వంపు తిరిగిన లోహపు పరికరం ఉంది, పట్టు మాత్రం వదులైపోయింది. రెండో చేతిలో నిప్పుకోడి ఈకల విసనకర్ర, మరుగు కోసం. తిన్నె దగ్గర గులాబీ రంగు పూలు. బొమ్మ పేరు ‘టెపిడేరియం’. రోమన్ల స్నానశాలలో గోరువెచ్చగా ఉంచే గదికి అది పేరు. లారెన్స్ ఆల్మా-టడేమా 1881లో వేసిన ఈ చిత్రం ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నదికి అవతల, పోర్ట్ సన్‌లైట్ అనే ఊళ్లోని లేడీ లీవర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది.

నేను రాజమండ్రిలో ఆయిల్ పెయింటింగ్ నేర్పుతాను. మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది కాబట్టి ఈ బొమ్మను ఎదురుగా నిలబడి చూసే భాగ్యం దక్కింది. పుస్తకంలో చూసినప్పుడు ఇది గోడంత ఉంటుందనిపిస్తుంది. అక్కడికి వెళ్లాక దాని దగ్గరకు ముఖం పెట్టి చూడాల్సి వస్తుంది. అంత దగ్గరగా చూస్తే ముందుగా తెలిసేది ఒక్కటే. ఈ చిత్రకారుడికి స్పర్శ తెలుసు. రాయి చల్లదనం, బొచ్చు మెత్తదనం, ఈక తేలికదనం, వేడికి చెమర్చిన చర్మం, ఇవన్నీ అంత చిన్న పలకలో పక్కపక్కనే పెట్టాడు. కన్ను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జరుగుతుంటే వేళ్లకు తెలుస్తున్నట్టే ఉంటుంది.

నా దగ్గర నేర్చుకునే డిగ్రీ అమ్మాయి ఒకతి ఫోన్‌లో ఈ బొమ్మ చూసి, “ఇదేంటి మేడమ్, స్నానానికొచ్చి కొడవలి పట్టుకుంది?” అని అడిగింది. మంచి ప్రశ్న. ఈ బొమ్మలోకి దారి అక్కడే ఉంది.

ఆ వంపు తిరిగిన పరికరాన్ని స్ట్రిజిల్ అంటారు. కంచుతోనో ఇనుముతోనో చేస్తారు. లోపలి వైపు గాడి ఉంటుంది. గ్రీకులూ రోమన్లూ ఒంటికి ఆలివ్ నూనె పట్టించి, వ్యాయామం చేసో, వేడి గదిలో కూర్చునో చెమట పట్టాక, నూనె, చెమట, మట్టి కలిసిన ఆ జిడ్డునంతా దీంతో గీకి తీసేవారు. గీకింది గాడిలోంచి కిందికి జారిపోతుంది. పండగనాడు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి, నానాక సున్నిపిండితో నలిచి తీసే మనకు ఇందులో వింత ఏమీ లేదు. వాళ్ల నూనె వేరు, మన నూనె వేరు, వాళ్లు గీకారు, మనం నలిచాం. నూనెతోనే మురికి వదులుతుందన్న ఇంగితం ఒక్కటే. మల్లయోధుల ఒంటి నుంచి గీకిన ఆ జిడ్డును కూడా పారేసేవారు కాదట. వాపులకూ నొప్పులకూ మందుగా వాడేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ఇదే పరికరం మీద ఆ ప్లినీయే ఇంకో సంగతి చెప్పాడు. ఒంటిని గీక్కుంటున్న యువకుడి కంచు విగ్రహాన్ని గ్రీకు శిల్పి లిసిప్పస్ చేశాడు. రోమన్ సేనాని అగ్రిప్పా దాన్ని రోమ్‌లో తను కట్టించిన స్నానశాల ముందు నిలబెట్టాడు. టైబీరియస్ చక్రవర్తి ఆ విగ్రహం మీద మనసు పడి తన పడకగదికి తరలించుకుపోయాడు. జనం ఊరుకోలేదు. నాటకశాలలో ఒక్కటే గోల పెట్టి, విగ్రహాన్ని మళ్లీ తెచ్చి నిలబెట్టించారు. కంచు విగ్రహం ఇప్పుడు లేదు. దాని పాలరాతి నకలు 1849లో రోమ్‌లోని త్రస్తేవెరెలో దొరికింది, వాటికన్‌లో ఉంది. ఒక చక్రవర్తి మీద జనం గెలిచింది స్నానశాల ముందున్న బొమ్మ కోసం. స్నానశాల వాళ్లకు ఎంత సొంతమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక గది సంగతి. రోమన్ స్నానం ఒక్క గదిలో అయ్యేది కాదు. బట్టలు విడిచే గది, చన్నీళ్ల గది, గోరువెచ్చని గది, వేడి గది వరసగా ఉండేవి. చలి నుంచి వేడికీ, వేడి నుంచి చలికీ వెళ్లేవాళ్ల ఒళ్లు సర్దుకోవడానికి మధ్యలో ఉన్నదే టెపిడేరియం. ఈ గదిలో హడావుడి లేదు. కూర్చోవాలి, నూనె రాయించుకోవాలి, ఒంటిని మెల్లగా వేడికి అలవాటు చేసుకోవాలి. ఆల్మా-టడేమా బొమ్మలో ఉన్న ఆ మత్తు అందుకే.

గది వెచ్చబడే పద్ధతి అసలు కిటుకు. గచ్చు కింద బారులు బారులుగా ఇటుక స్తంభాలు కట్టి, గచ్చును వాటి మీద నిలబెట్టేవారు. పక్కన కొలిమిలో కట్టెలు మండుతుంటే వేడిగాలి ఆ స్తంభాల మధ్య తిరిగి, గోడల్లో అమర్చిన మట్టి గొట్టాల గుండా పైకి పోయేది. నేలా గోడా రెండూ వేడెక్కేవి. ఆ స్తంభాలు రెండడుగుల ఎత్తుండాలని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో లెక్క చెప్పాడు. స్తంభాల కింది నేల కొలిమి వైపు వాలుగా ఉండాలి, లోపలికి బంతి విసిరితే దొర్లుకుంటూ వెనక్కి రావాలి అన్నాడు. మంట పైకెక్కి గచ్చు కింద సమంగా పరుచుకోవడానికి ఆ వాలు. అన్ని చోట్లా ఇంత ఏర్పాటు ఉండేది కాదు. పాత రోమన్ ఊరు పాంపేలో, ఫోరం అనే కూడలి దగ్గరి స్నానశాల టెపిడేరియంలో పెద్ద కంచు కుంపటి ఒకటి ఇప్పటికీ ఉంది. మార్కస్ నిగిడియస్ వాకులా అనే ధనికుడు దానమిచ్చాడు. వాకులా అంటే చిన్న ఆవు. అందుకే కుంపటి మీద ఆవు బొమ్మ వేయించాడు. తన పేరును బొగ్గుల వేడిలో కూర్చోబెట్టి పోయాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ఊరంతా బూడిద కింద పడిపోయింది. దాతల పేర్లు మాత్రం మిగిలాయి.

ఆ బూడిదలోంచే ఐరోపా చిత్రకళకు కొత్త రుచి పుట్టింది. 1738లో పక్క ఊరు హెర్క్యులేనియం, 1748లో పాంపే తవ్వకాలు మొదలయ్యాక, పాత గ్రీకు, రోమన్ పద్ధతులను మళ్లీ పట్టుకోవాలన్న ఊపు వచ్చింది. దాన్నే నియోక్లాసికల్ అన్నారు. మొదటి తరం వాళ్లు రోమ్‌లో వీరులనూ త్యాగాలనూ వెతుక్కున్నారు. ఆ చెట్టుకు వందేళ్ల తర్వాత పూసిన కొమ్మ ఆల్మా-టడేమా. ఆయన వెతికింది మామూలు రోజు. రోమన్లు ఎక్కడ కూర్చున్నారు, ఏ గిన్నెలో తాగారు, ఏ గుడ్డ కట్టారు అన్నదే ఆయన తపన.

ఆయన 1836లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్ ప్రాంతంలో, డ్రోన్‌రైప్ అనే పల్లెలో పుట్టాడు. ఆంట్వెర్ప్‌లో చదువుకున్నాడు. 1863లో పెళ్లి చేసుకుని భార్యతో ఇటలీ వెళ్లాడు. కొత్త జంట పాంపే శిథిలాల్లో తిరిగింది. ఆ ప్రయాణం ఆయన జీవితాన్ని తిప్పేసింది. తర్వాత వేసిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ రాళ్ల చుట్టూ తిరిగినవే. 1869లో భార్య పోయింది. మరుసటి ఏడు లండన్ చేరాడు, అక్కడ చిత్రకారిణి లారా ఎప్స్‌ను పెళ్లాడాడు. 1899లో సర్ బిరుదు వచ్చింది. 1912లో చనిపోతే సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో సమాధి చేశారు. పాత కట్టడాల ఫొటోలూ, కొలతలూ, నకళ్లూ వేల కొద్దీ సేకరించి, విషయాల వారీగా సంపుటాలు కట్టి దగ్గర పెట్టుకున్నాడు. అవి ఇప్పుడు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్నాయి. తన బొమ్మలన్నిటికీ రోమన్ అంకెలతో వరస సంఖ్యలు వేసేవాడు. నకిలీలు పుట్టకుండా అది ఒక జాగ్రత్త. చివరి బొమ్మ సంఖ్య 408.

వృత్తిదారుగా ఇప్పుడు రంగుల దగ్గరికి వస్తాను. పాలరాయి వేయమంటే కొత్తవాళ్లందరూ తెల్లరంగు ట్యూబు పిండుతారు. పాలరాయికి తెలుపు చాలా కొద్దిగా చాలు. అందులో ఎక్కువగా ఉండేది బూడిద, దానిలో చిటికెడు నీలం, చిటికెడు పసుపు. పక్కన ఏ వస్తువుంటే దాని రంగు రాతి మీద పడుతుంది. చర్మం కూడా అంతే. వెలుతురు చర్మం పైనే ఆగిపోదు, కొంచెం లోపలికి దిగి వెనక్కి వస్తుంది. అందుకే ఒళ్లు వేసేటప్పుడు పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి ఆరబెట్టుకుంటూ వెయ్యాలి. లిన్సీడ్ ఆయిల్‌తో ఓపిక పట్టాల్సిన పని అది. బొచ్చుకు పద్ధతి తిరగబడుతుంది. కింది రంగు పచ్చిగా ఉండగానే పైన కుంచె కొసతో లాగాలి, అంచు ఎక్కడుందో తెలియకూడదు. ఈ మూడు పద్ధతులూ ఒకే చోట కలిసే బొమ్మ వెయ్యడమంటే మూడు చేతులతో వేసినట్టే. పైగా పలక మీద నూలు గరుకు ఉండదు, చిన్న తప్పు కూడా దాగదు.

వేడిని ఎలా చూపించాడో గమనించండి. ఆవిరి వెయ్యలేదు. మంట వెయ్యలేదు. నీళ్లు కూడా లేవు. ఆ అమ్మాయి బుగ్గల ఎరుపు, సడలిన వేళ్లు, విడివడిన పెదవులు, వీటితోనే గది ఎంత వెచ్చగా ఉందో చెప్పాడు. అదే సమయంలో ఒంటి కింద రాయి. వెచ్చదనాన్ని చూపించాలంటే చల్లని రంగును పక్కన పెట్టాలి. నా విద్యార్థులకు వార్మ్, కూల్ రంగుల పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు.

ఇంత మెచ్చుకున్నాక, ఇందులో ఏది లేదో కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఇందులో జనం లేరు.

రోమన్ స్నానశాల అంటే జనం. ప్రవేశానికి తీసుకునేది చిల్లర నాణెం, చాలాచోట్ల నాణేల్లో అతి చిన్నదైన క్వాడ్రన్స్. స్నానశాల పైన అద్దెకున్న రోమన్ తత్వవేత్త సెనెకా, కింద నుంచి వచ్చే గోల గురించి ఒక ఉత్తరంలో వాపోయాడు. బరువులెత్తేవాళ్ల మూలుగులు, మాలిష్ చేసేవాడి చేతి దెబ్బల చప్పుడు, నీళ్లలోకి ధబ్బున దూకేవాళ్లు, చంకల్లో వెంట్రుకలు పీకేవాడు బేరాల కోసం పెట్టే కేకలు, తినుబండారాలు అమ్మేవాళ్ల అరుపులు అన్నీ పూస గుచ్చినట్టు రాశాడు. రోమ్‌లో క్రీ.శ. 216లో ప్రారంభమైన కారకల్లా స్నానశాలల్లో ఒకేసారి 1600 మంది స్నానం చేసే వీలుండేదని పాత రచయిత లెక్క. హేడ్రియన్ చక్రవర్తి కూడా మామూలు జనంతో కలిసి స్నానానికి వెళ్లేవాడు. ఒకసారి ముసలి సైనికుడొకడు గోడకు వీపు రాసుకుంటూ కనిపించాడు. అడిగితే, రుద్దడానికి బానిస లేడన్నాడు. చక్రవర్తి అతనికి బానిసలనూ, వాళ్ల పోషణకు సొమ్మునూ ఇచ్చాడు. ఇంకోరోజు వెళ్తే చాలామంది ముసలివాళ్లు గోడకు వీపులు రాస్తున్నారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకోండి అన్నాడట.

ఆడవాళ్ల సంగతి ఇంకా తేటగా దొరుకుతుంది. ఇప్పటి పోర్చుగల్‌లో విపాస్కా అనే గనుల ఊరికి రాసిన కంచు రేకు శాసనం ఉంది. పొద్దు పొడిచింది మొదలు ఏడో గంట దాకా ఆడవాళ్లకు స్నానం, ఎనిమిదో గంట నుంచి రాత్రి రెండో గంట దాకా మగవాళ్లకు. మగవాళ్ల దగ్గర సగం నాణెం తీసుకుంటే, ఆడవాళ్ల దగ్గర పూర్తి నాణెం. ఆడవాళ్లు రెట్టింపు కట్టి, పొద్దున్నే వచ్చి వెళ్లాలి. గని కార్మికుల భార్యలు, బానిసలు, పిల్లల తల్లులు ఆ పొద్దుటి వేళ ఆ గదుల్లో కూర్చున్నారు. ఆల్మా-టడేమా బొమ్మలోని స్త్రీకి పక్కన ఎవరూ లేరు. ఆమె వాలి పడుకున్నది తన కోసం కాదు, చూసేవాడి కోసం. ఆ మాట చెప్పకుండా ఈ బొమ్మను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఫ్రెంచి చిత్రకారుడు తియడోర్ షసెరియో ఇదే గదిని 1853లో వేశాడు. పేరు కూడా ‘టెపిడేరియం’. పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. రెండున్నర మీటర్ల వెడల్పున్న పెద్ద బొమ్మ. ఆయన కూడా పాంపే చూసొచ్చినవాడే, ఫోరం స్నానశాల గదినే తీసుకున్నాడు. అందులో గది నిండా ఆడవాళ్లు. మధ్యలో కుంపటి. ఒకామె చేతులు చాచి ఒళ్లు విరుచుకుంటోంది, కొందరు కబుర్లాడుతున్నారు, కొందరు ఒళ్లు ఆరబెట్టుకుంటున్నారు. అదీ మగవాడి ఊహే, అక్కడా శరీరాల ప్రదర్శనే. అయినా ఆ ఆడవాళ్లకు తోడుంది, వేడి ఎక్కడి నుంచి వస్తోందో మనకు కనిపిస్తుంది.

అసలు విక్టోరియన్ ఇంగ్లండ్‌లో ఇలాంటి నగ్న చిత్రం ఎలా చెల్లింది? రోమ్ పేరు చెప్పి చెల్లింది. బల్ల మీద ఇంగ్లీషు అమ్మాయిని పడుకోబెడితే తప్పు. చేతికి స్ట్రిజిల్ ఇచ్చి, కింద పాలరాయి వేస్తే అది చరిత్ర. అందరూ ఆ మాట నమ్మలేదు. ఆల్మా-టడేమా వేసిన ‘శిల్పి మోడల్’ 1878లో రాయల్ అకాడమీలో పెట్టినప్పుడు కార్లైల్ బిషప్ కలవరపడ్డాడు. 1885లో ఓ ‘బ్రిటిష్ గృహిణి’ పేరుతో టైమ్స్ పత్రికకు వచ్చిన ఉత్తరం నగ్న చిత్రాల మీద పెద్ద రగడే లేపింది.

‘టెపిడేరియం’ ప్రయాణం ఇంకా ఆసక్తిగా సాగింది. దీన్ని పియర్స్ సబ్బు కంపెనీ కొంది. స్నానం బొమ్మ, సబ్బు వ్యాపారం, జత కుదిరింది. చిత్రకారుడు మిలే వేసిన సబ్బు బుడగలు ఊదే పిల్లాడి బొమ్మను అదే కంపెనీ ప్రకటనగా మార్చి ఇంటింటికీ చేర్చింది. కానీ ఈ స్త్రీని ఇళ్లల్లోకి పంపే ధైర్యం రాలేదు. తర్వాత పియర్స్ కంపెనీ లీవర్ బ్రదర్స్ చేతికి వచ్చింది, దాంతోపాటు బొమ్మ కూడా. పోర్ట్ సన్‌లైట్ అన్న ఊరే సన్‌లైట్ సబ్బు పనివాళ్ల కోసం విలియం లీవర్ 1888లో మొదలుపెట్టిన ఊరు. అదే ఏడు సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. మన ఇళ్లలో పసిపిల్లలకు పియర్స్, బట్టలకు సన్‌లైట్ వాడిన తరాలకు ఈ రోమన్ స్త్రీతో ఉన్న చుట్టరికం అది. ఆ సబ్బుకు నూనె కావాలి. 1911 నుంచి లీవర్ సంస్థ బెల్జియన్ కాంగోలో పామాయిల్ తీయించింది. అక్కడి మనుషులతో బలవంతంగా పని చేయించిన తీరును చరిత్రకారులు దస్తావేజులతో బయటపెట్టారు.

ఇక్కడ నాకు ఒక గీత కనిపిస్తుంది. కారకల్లా స్నానశాలల కింద సొరంగాలున్నాయి. బానిసలు కట్టెలు మోసి, కొలిముల్లో వేసి, పొగలో దగ్గుతూ పైవాళ్ల గచ్చు వెచ్చగా ఉంచారు. లీవర్ సబ్బు వెనక కాంగో గెలలు కోసినవాళ్లున్నారు. ఆల్మా-టడేమా బొమ్మలో అలా పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. గది దానంతటదే వెచ్చబడ్డట్టుంది. రోమ్ వస్తువులను అంత శ్రద్ధగా కొలిచిన మనిషి, వేడిని తెచ్చే చేతులను మాత్రం చట్రం బయట వదిలేశాడు. కొనేవాళ్లకు కావలసిందీ అదే.

ఈ చిత్రకారుడి పేరు కూడా ఎక్కి దిగి మళ్లీ ఎక్కింది. 1904లో ‘మోషే దొరికిన వేళ’ అనే ఆయన బొమ్మ 5,250 పౌండ్లు పలికింది. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి అదే బొమ్మ విలువ కొన్ని వందల పౌండ్లకు పడిపోయింది. 2010 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో దాదాపు 3.59 కోట్ల డాలర్లకు పోయింది. ఈలోగా సినిమా వాళ్లు ఆయన్ని వదల్లేదు. ‘గ్లాడియేటర్’ సెట్లు వేసినవాళ్లు కూడా ఆయన బొమ్మలు చూసే రోమ్‌ను ఊహించుకున్నారు. రోమ్ అనగానే మన కళ్ల ముందు మెరిసే పాలరాయిలో ఆయన వాటా ఉంది. కాబట్టి ఆయన ఏం వదిలేశాడో తెలుసుకోవడం మన చూపుకు కూడా అవసరం.

నా క్లాసులో ఈ బొమ్మను చూపిస్తూనే ఉంటాను. మొదట చర్మాన్నీ రాయినీ నకలు వేయిస్తాను, ఎందుకంటే ఆ విద్య అంత తేలిగ్గా దొరకదు, దాన్ని గౌరవించాలి. ఆ తర్వాత ఇంకో కాగితం ఇచ్చి, అదే గదిని ఆ స్త్రీ వైపు నుంచి, లేదా గచ్చు కింద కట్టెలు వేసేవాడి వైపు నుంచి వెయ్యమంటాను. మొదటి బొమ్మ చెయ్యి తిప్పడం నేర్పుతుంది, రెండోది చూడడం నేర్పుతుంది. బొమ్మలు వేసేవాళ్లకు రెండూ కావాలి.